కెటిల్ బస్తీకి బోరు

పుస్తకానికి బహుమతి ఇవ్వడం కంటే బోరు వేయించడం తేలిక. ఊరికే అనడం లేదు. ఆ రెండు పనులూ ఒకే జీపులో, ఒకే ఎండలో, ఒకే ఇంజినీరుగారి పక్కన ఇరుక్కుని కూర్చుని చేసినదాన్ని.

తొంభైల చివర్లో మాదాపూర్‌లో ఒక ధర్మసంస్థలో పనిచేసేదాన్ని. అందరం ట్రస్టు అనేవాళ్లం. నీళ్ల మోటార్ల వ్యాపారంలో బాగా సంపాదించిన ఒక పెద్దాయన, ఆ సంపాదనలో కొంత జనానికి తిరిగి ఇవ్వాలని పెట్టిన సంస్థ అది. జిల్లాల్లో బోర్లు వేయించేవాళ్లం, బడిగదులకు కప్పులు వేయించేవాళ్లం, దవాఖానలకు మంచాలు ఇచ్చేవాళ్లం. నా ఉద్యోగం పేరు కమ్యూనికేషన్స్ ఆఫీసర్. అంటే ఏం చేస్తావని మా అత్తగారు అడిగినప్పుడల్లా నాకూ అదే సందేహం వచ్చేది. బోరు పడితే పేపర్లకు ఒక ప్రకటన రాయాలి. బోరు దగ్గర బిందె పట్టుకుని నవ్వుతున్న ఆడవాళ్ల ఫోటో పంపాలి. నవ్వని ఫోటో పంపితే పెద్దాయన ఒప్పుకునేవారు కాదు. ఎండలో గంటసేపు నిలబెట్టి నవ్వమంటే ఎవరు నవ్వుతారో మీరే చెప్పండి.

అప్పటికి మా చుట్టుపక్కల గుండ్రటి పెద్ద మేడ ఒక్కటే లేచింది. మిగతాదంతా బండలు. ఆ మేడను చూడడానికి పెళ్లివాళ్లు బస్సు కట్టించుకుని వచ్చేవారు. మిగిలిన బండలనేమో రోజూ మధ్యాహ్నం పేల్చేవారు. ఒకతను ఎర్రగుడ్డ పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడి విజిల్ ఊదేవాడు. సెవెన్ సీటర్ ఆటోలు ఆగిపోయేవి. ఢామ్మని ఒక చప్పుడు, ఆ వెనక దుమ్ము. ఒకసారి ఆ అదురుకు నా టేబుల్ మీది టీ గ్లాసు తనంతట తానే నడుచుకుంటూ అకౌంట్స్ వాళ్ల టేబుల్ మీదికి పోయింది. నమ్మకపోతే మానేయండి. గ్లాసు మాత్రం తిరిగి రాలేదు.

ఇలాంటివి చెబుతానని ఆఫీసులో నా మాటను సగం కోసుకుని వినేవారు. పెద్దాయన అయితే ముప్పావు కోసేవారు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

పెద్దాయనకు ఒకే ఒక్క నియమం. కళ్లతో నేల మీద చూడనిదే చెక్కు మీద సంతకం ఉండదు. ట్రస్టు కొత్తలో ఎవరో కాగితం మీద బడి కట్టి, కాగితం మీద పిల్లల్ని కూర్చోబెట్టి, నిజం డబ్బు పట్టుకుపోయారట. అప్పటి నుంచి ఏ సాయమైనా సరే ముందు ఇన్‌స్పెక్షన్. అందుకోసం నీటిపారుదల శాఖలో రిటైరైన ఒక ఇంజినీరుగారిని పెట్టుకున్నారు. గోదావరి జిల్లా మనిషి. గొడుగు, కొలత టేపు, చేతిసంచీ. కాలవల వెంట నడిచీ నడిచీ ఆయనకు మామూలు రోడ్డు మీద కూడా ఒక పక్కకు ఒరిగి నడిచే అలవాటైంది.

ఇంతలో పెద్దాయన భార్యకు ఒక ఆలోచన వచ్చింది. ఆవిడ నవలలు బాగా చదివేవారు. ఏటేటా బోర్లేనా, ఒక మంచి పుస్తకానికి కూడా ఏదైనా చేయండి అన్నారట. ఆవిడ అన్నారంటే జరగాల్సిందే. ఏటా ఒక తెలుగు పుస్తకానికి బహుమతి. శాలువా, జ్ఞాపిక మామూలే. అసలు బహుమతి వేరే ఉంది. గెలిచిన పుస్తకాన్ని ట్రస్టే మళ్లీ అచ్చు వేయించి ఊరూరి లైబ్రరీలకు పంపుతుంది. ఈ పనంతా ఎవరు చూసుకోవాలి? పేపర్లకు రాసే మనిషి ఉంది కదా అన్నారు. ఆ మనిషిని నేనే.

పత్రికల్లో ప్రకటన పడిన మర్నాటి నుంచి నా ప్రాణం తోడేశారు. పుస్తకం మూడు ప్రతులు పంపమంటే ఒకాయన ఒకే ప్రతిని మూడు ముక్కలు చేసి పంపాడు. ఇంకొకాయన వంటల పుస్తకం పంపి, దీనిలోనూ రసముంది చూడండి అని చీటీ పెట్టాడు. ఒక కవిగారు నేరుగా రిసెప్షన్‌లో కూర్చుని గొంతెత్తి చదవడం మొదలుపెట్టారు. బండలు పేల్చే విజిల్ మోగినా ఆపలేదు. ఢామ్మన్న చప్పుడును కూడా చప్పట్ల కింద లెక్కేసుకున్నారు. మధ్యాహ్నం భోజనం చేయలేక, ఫోను కింద పెట్టలేక, పుస్తకాలు ఎందుకు రాస్తారో ఈ జనం అని నేను గట్టిగానే తిట్టుకున్నాను.

చివరికి ముగ్గురు న్యాయనిర్ణేతలు ఒకే నవలకు ఓటు వేశారు. ఆ ముగ్గురూ ఏ విషయంలోనూ కలిసే మనుషులు కారు. టీలో చక్కెర వేయాలా వద్దా అన్నదానికే మొదటి సమావేశం అయిపోయింది. అలాంటివాళ్లు కలిశారంటే నవలలో ఏదో ఉండాలని ఆ పూటే బస్సులో చదివాను. కూకట్‌పల్లిలో దిగాల్సినదాన్ని మియాపూర్ డిపో దాకా పోయి, కండక్టరు తిడితే అప్పుడు తల ఎత్తాను.

గుట్టల మధ్య రాళ్లు కొట్టుకుని బతికేవాళ్ల వాడ కథ అది. వాడ పేరు కెటిల్ బస్తీ. పెద్ద బండ నీడలో ఒకామె టీ కొట్టు పెట్టుకుని ఉంటుంది. ఆ కెటిల్ ఆవిరి కనబడితే పనికి పోయేవాళ్లకు తెల్లారినట్టు లెక్క. నీళ్లకు మాత్రం ఆడవాళ్లు గుట్ట దిగి, చెరువు దాకా పోవాలి. చివరికి పేలుళ్లు దగ్గరదగ్గరగా వస్తూ ఉంటే వాడ ఖాళీ అవుతుంది. అంతే కథ. అంతే అని చెబుతున్నాను గానీ, ఆ బిందెలు మోసే పేజీలు చదువుతుంటే నా మెడకు నొప్పి పుట్టింది.

రాసినావిడ కేపీహెచ్‌బీ కాలనీలో ఉండేవారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు. మొదటి నవల, తన సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నది. శుభవార్త చెబుదామని ఇంటికి వెళితే ఆవిడ నన్ను మంచం కింద చూడమన్నారు. అట్టపెట్టెలు. కిందటి వానాకాలం బాల్కనీ నుంచి నీళ్లు లోపలికి వచ్చాయట. పైవి తప్ప మిగతా పుస్తకాలన్నీ ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయి, తడిసిన రొట్టెల్లా ఉన్నాయి.

"శాలువా సంగతి తర్వాతండీ," అన్నారావిడ. "మళ్లీ అచ్చు వేస్తారా? అది చెప్పండి ముందు. లేకపోతే ఈ పుస్తకం ఈ మంచం కిందే ఆఖరు. ఇంకోసారి వేయించే ఓపిక నాకు లేదు."

"తప్పకుండా వేస్తామండీ," అన్నాను. అలా మాటివ్వడానికి నేనెవర్ని? కానీ ఇచ్చాను.

మర్నాడు పెద్దాయన ముందు ఫైలు పెట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇన్‌స్పెక్షన్ ఏదీ?"

"సార్, ఇది నవల."

"అయితే?"

"నవలకు ఇన్‌స్పెక్షన్ ఏముంటుంది సార్?"

"మన సాయం బయటికి పోతోందా లేదా? కెటిల్ బస్తీ అని రాశారు. బండ ఉంది, చెరువు ఉంది, టీ కొట్టు ఉంది అన్నారు. ఉన్నాయో లేదో చూడొద్దూ?"

"సార్, నవలంటే కల్పన..."

"ఆ బడి కట్టినవాడూ అదే చేశాడమ్మా. కల్పించాడు."

దానికి జవాబు మీ దగ్గర ఉంటే ఉత్తరం రాయండి, ఇన్నేళ్లుగా వెతుక్కుంటున్నాను. పక్కనే కూర్చున్న ఇంజినీరుగారు, "పోనీ చూసొస్తే పోయేదేముందండీ? పుస్తకం ఇటివ్వండి," అని సంచీలో వేసుకున్నారు. ఇన్‌స్పెక్షన్ సరిగ్గా లేకపోతే బహుమతి ఇంకో పుస్తకానికి పోతుందని, అచ్చు సంగతి అంతటితో మర్చిపొమ్మని పెద్దాయన తేల్చేశారు.

మళ్లీ కేపీహెచ్‌బీ పరుగెత్తాను. ఆవిడ కాఫీ ఇచ్చారు. నేను ఏదో మాటవరసకు అడిగినట్టు అడిగాను. "ఏం లేదండీ, మావాళ్లు ఆ ప్రాంతం ఒకసారి చూస్తారట. ఇంతకీ ఎక్కడుందండీ కెటిల్ బస్తీ?"

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టారు. "ఎక్కడా లేదండీ."

"అంటే ఖాళీ చేయించేశారా?"

"ఉంటే కదండీ ఖాళీ చేయించడానికి. నేను ఆ గుట్టల వైపు ఒక్కసారైనా పోలేదు. ఈ బాల్కనీలోంచి దూరంగా కనబడేవి. మధ్యాహ్నం చప్పుడు వినబడినప్పుడల్లా, ఆ బండల మధ్య ఎవరున్నారో పాపం అనుకునేదాన్ని. అనుకుంటూ అనుకుంటూ ఒక టీ కొట్టు పెట్టేశాను."

అబద్ధాలాడడంలో నాకు కొంత పేరుంది. కానీ ఈవిడ ముందు నేనెంత? ఒక వాడనే లేపారు, బాల్కనీలో కూర్చుని.

"రేపు మాతో రండి, కానీ మీరేం మాట్లాడకండి. ఇంజినీరుగారు ఏమడిగినా తల ఊపండి చాలు," అన్నాను.

"సర్వీసంతా మాట్లాడడమే ఉద్యోగంగా చేసినదాన్నండీ," అన్నారావిడ దిగులుగా. "పైగా నాకు అబద్ధం చెప్పడం రాదు."

నవలాకారిణి అన్న మాట ఇది.

మర్నాడు జీపులో బయల్దేరాం. మా డ్రైవరు మెదక్ వైపు మనిషి. బండి నడుపుతూ వెనక్కి తిరిగి మాట్లాడడం అతని అలవాటు. మాకు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకోవడం అలవాటు.

"ఏంది మేడం, గీ ఇన్‌స్పెక్షన్ బోరుకా, బడికా?"

"పుస్తకానికి."

"పుస్తకం సూసేతందుకు జీపెందుకు మేడం? కండ్లద్దాలుంటే సాలదా?"

"నువ్వు ముందు చూసి నడుపు."

"నడుపుతున్న గదా. యాడికి పోవాలె జర చెప్పుండ్రి."

నేను రచయిత్రి వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. ఇంజినీరుగారు సంచీలోంచి నవల తీశారు. ప్రతి పేజీలో పెన్సిలు గీతలు, పక్కన చిన్న చిన్న బాణాలు, వెనక అట్ట మీద ఒక మ్యాపు. నవలలోని వాడకు ఆయన మ్యాపు గీశారు!

"ఉత్తరానికి పోనివ్వు," అన్నారు. "గుట్ట దిగితే ఎడమచేతి వైపు చెరువు రావాలి. చెరువు వెనక బండలుండాలి."

బండలు లేని చోటు ఆ ప్రాంతంలో ఎక్కడుంది? చెరువు ఉండనే ఉంది. గుట్ట దిగాం, ఎడమచేతి వైపు నీళ్లు కనబడ్డాయి. ఇంజినీరుగారు గొడుగుతో జీపు తలుపు మీద కొట్టి, "చూశారా!" అన్నారు. రచయిత్రి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. గోళ్లు దిగిన గుర్తులు చాలారోజులు ఉన్నాయి. ఇప్పటికీ చలికాలంలో సలుపుతాయి, అది వేరే సంగతి.

కాస్త ముందుకు పోయాక ఎర్రగుడ్డ మనిషి ఆపేశాడు. విజిల్. అందరం జీపులోనే చెవులు మూసుకున్నాం. దుమ్ము తగ్గేసరికి ఎదురుగా చదును చేసిన పెద్ద మైదానం, కొత్తగా లేస్తున్న ప్రహరీ గోడ. ఏదో కంపెనీ వస్తోందట. ఒక పక్కన మాత్రం పేల్చకుండా వదిలిన ఒక బండ, మిగిలిపోయిన పన్నులా ఉంది.

ఇంజినీరుగారు దిగారు. టేపు తీశారు. నేను ఆయన వెనకే పరుగెత్తుతూ, "ఏం లేదు కదండీ, పోదాం పదండి, ఎండగా ఉంది," అంటున్నాను. ఆయనకు వినబడితే కదా.

"ఇదే బండ," అన్నారు. "టీ కొట్టు దీని కిందే, తూర్పు వైపు."

"తూర్పు కాదండీ, పడమర," అన్నారు రచయిత్రి.

నేను నెత్తి కొట్టుకున్నాను. నిన్నంతా చెప్పిందేమిటి, ఇప్పుడు జరుగుతున్నదేమిటి?

"పడమర ఎలా అవుతుందండీ? పొద్దుటి ఎండ కెటిల్ మీద మెరిసిందని మీరే రాశారు."

"మెరిసింది నిజమే. కానీ సాయంత్రం నీడలో కూర్చున్నారని కూడా రాశాను. తూర్పున పెడితే నీడ..."

"తూర్పున పెడితేనే సాయంత్రం నీడ పడుతుంది. పడమటి ఎండకు బండ అడ్డం వస్తుంది కదా!"

ఆవిడ ఆలోచించారు. వేలితో గాలిలో ఏదో గీసుకున్నారు. "అవునండోయ్. తూర్పే. నేనే తికమకపడ్డాను."

లేని టీ కొట్టును ఇద్దరూ కలిసి లేని చోటు నుంచి ఇంకో లేని చోటుకు మార్చారు. డ్రైవరు బీడీ వెలిగించుకుని, "మేడం, కొట్టు యాడుందో తేలితే జర చెప్పుండ్రి, చాయ్ తాగాలె," అన్నాడు.

ఇంజినీరుగారు బండ నుంచి చెరువు దాకా నడిచి చూసి వచ్చారు. చొక్కా తడిసిపోయింది. ముఖం ఎర్రబడింది. "ఇంత దూరం బిందెతోనా!" అని ఎవరి మీదో కోపంగా అన్నారు. ఇక ఆవిడ ఆగలేకపోయారు.

"అయ్యా, ఒక మాట. నేను ఇక్కడికెప్పుడూ రాలేదు. ఈ బస్తీ లేదు. నేను ఊహించి రాశాను."

అచ్చు, లైబ్రరీలు, నేనిచ్చిన మాట, అన్నీ ఆ దుమ్ములో కలిసిపోయాయనుకున్నాను.

ఇంజినీరుగారు ఆవిడను జాలిగా చూశారు. "ఎండ దెబ్బ తగిలినట్టుంది మీకు. రండి, గొడుగు కిందికి రండి."

"నిజమండీ. లేదు."

"చూడండమ్మా. నేను జీవితమంతా నీళ్లతోనే పనిచేశాను. లేని ఊరికి ఇంత సరిగ్గా నీళ్ల ఇబ్బంది ఉండదు."

"అది కాదండీ..."

"పేల్చేశారు కాబట్టి లేదు. అంతకుముందు ఉంది. మీరు మర్చిపోయి ఉంటారు, వయసు మీద పడింది కదా."

ఆయన ఆవిడకంటే పెద్దవాడు. తిరుగు ప్రయాణమంతా డ్రైవరుదే మాట. "సూసిన సారేమో ఉన్నదంటడు. రాసిన అమ్మనేమో లేదంటది. గిసుంటి పంచాయితీ మా ఊర్ల పొలం గట్టు కాడ గుడ సూడలే," అన్నాడు.

మర్నాడు ఇంజినీరుగారు పెద్దాయనకు చెప్పింది విని నేను కుర్చీలో జారిపోయాను. బస్తీ ఉండేదని, పేలుళ్లలో పోయిందని, రచయిత్రి రాసిందంతా కొలతలతో సహా సరిపోయిందని చెప్పారు. ఒక్క టీ కొట్టు దగ్గర చిన్న సందేహం వస్తే అక్కడే తేల్చేశామన్నారు.

"మరి ఆ జనం ఏమయ్యారు?" అన్నారు పెద్దాయన.

"చెదిరిపోయారండీ."

"నీళ్లు?"

"చెరువు దాకా పోవాల్సిందే అప్పుడూ ఇప్పుడూ."

"నా పంపులతో దేశమంతా నీళ్లు తోడాను," అన్నారు పెద్దాయన. "మన గుమ్మం ముందు బస్తీకి బోరు లేకపోయిందా? ఎక్కడున్నారో వెతికి, బోరు వేయించండి. బహుమతి, బోరు, రెండూ ఒకే రోజు పెట్టండి."

ఇక ఊరుకుంటే లాభం లేదనుకుని లేచాను. "సార్, ఆ బస్తీ నిజంగా లేదు. ఎప్పుడూ లేదు. ఆవిడే చెప్పారు. బాల్కనీలో కూర్చుని అల్లిన కథ."

పెద్దాయన పగలబడి నవ్వారు. "చూశావా," అన్నారు ఇంజినీరుగారితో, "టీ గ్లాసు నడిచిందని చెప్పిన మనిషి, ఊరు లేదంటోంది!"

ఇంజినీరుగారూ నవ్వారు. ఇన్నేళ్లూ నేను చెప్పిన గ్లాసులన్నీ ఒక్కసారిగా నా మీద పడ్డాయి. అసలు సిసలు నిజం ఒక్కటి చెప్పానో లేదో, దాన్ని ముప్పావు కాదు, మొత్తానికి మొత్తం కోసి పారేశారు.

ఆ సాయంత్రమే రచయిత్రి ఫోను చేశారు. "నాకు బహుమతి వద్దండీ. లేని మనుషుల పేరు మీద బోరు వేయించుకుని పుస్తకం అచ్చు వేయించుకుంటే నాకు ముద్ద దిగదు. రేపు వచ్చి మీ పెద్దాయనకు నేనే చెబుతాను."

"మీ పుస్తకం మంచం కిందే ఉండిపోతుందండీ."

"ఉండనివ్వండి."

అన్నారే గానీ, ఫోను చాలాసేపు పెట్టలేదు. ఇవతల నేనూ పెట్టలేదు.

ఆవిడ వచ్చేసరికి పెద్దాయన ఊళ్లో లేరు. ఇంజినీరుగారు మాత్రం జీపెక్కి కూర్చున్నారు, కెటిల్ బస్తీ జనాన్ని వెతకడానికి. "మీరూ రండి, మీకైతే మొహాలు గుర్తుంటాయి," అన్నారు ఆవిడతో. ఆవిడ నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. ఎక్కాం.

ఆ ప్రహరీ గోడ వెనక్కి తిరిగితే గుడిసెలు కనబడ్డాయి. గోడ కట్టే కూలీలవి. పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. నీలం ప్లాస్టిక్ పట్టాలు, రాళ్ల పొయ్యిలు, బిందెల వరస. ఒకామె తల మీద ఒక బిందె, చంకలో ఒక బిందె పెట్టుకుని చెరువు వైపు నుంచి ఎక్కి వస్తోంది. రచయిత్రి నడుస్తున్నావిడల్లా ఆగిపోయారు. ఆవిడ నవలలో నలభయ్యో యాభయ్యో పేజీ దగ్గర ఇలాగే ఒకామె ఎక్కి వస్తుంది. చంక మార్చుకోవడానికి ఇలాగే ఆగుతుంది. ఈమె కూడా ఆగి, బిందె చంక మార్చుకుంది.

ఇంజినీరుగారు ముందుకు పోయి అడిగారు. "ఏమ్మా, మీరు కెటిల్ బస్తీ వాళ్లేనా?"

"ఏం బస్తీ సారూ?"

"కెటిల్ బస్తీ. మీకు బోరు వేయించడానికి వచ్చాం."

ఆమె బిందె దించింది. మమ్మల్ని, జీపును, గొడుగును ఎగాదిగా చూసింది. "బోరు ఏస్తరా? నిజంగనే ఏస్తరా, లేకుంటే రాస్కొని పోతరా?"

"నిజంగానే."

"గట్లయితే మేము ఏ బస్తీ అంటే గా బస్తీ వాళ్లమే సారూ. కెటిలన్నా సరే, గిన్నెన్నా సరే. జర జల్ది ఏయుండ్రి."

డ్రైవరు పడీ పడీ నవ్వాడు. నేను రచయిత్రి మాట కోసం చూస్తున్నాను. పెద్దాయన లేకపోయినా ఇంజినీరుగారున్నారు. ఇక్కడ ఇప్పుడు గట్టిగా కాదంటే బోరూ పోతుంది, బహుమతీ పోతుంది. ఆవిడ వెళ్లి ఆ దించిన బిందెను ఎత్తి చూశారు. సగం దాకా కూడా లేపలేకపోయారు. నీళ్లు చీర మీద చిందాయి.

"ఇంత బరువుంటుందని నేను రాయలేదు," అన్నారు మెల్లగా. తర్వాత ఇంజినీరుగారి వైపు తిరిగి, "వీళ్లేనండీ," అన్నారు.

అబద్ధం చెప్పడం రాదన్న మనిషి. కానీ అది అబద్ధమని ఈ రోజుకీ నేను తేల్చుకోలేకపోయాను.

కంపెనీవాళ్లను ఒప్పించడం, బోరు లారీని ఆ ఇరుకులో దూర్చడం, ఇవన్నీ చెబితే ఇంకో పుస్తకమవుతుంది. నీళ్లు పడిన రోజు ధార ఎంత ఎత్తు లేచిందంటే, ఆ గుండ్రటి మేడ పై అంతస్తులో కూర్చున్నవాళ్లు వాన పడుతోందని కిటికీలు మూసుకున్నారు. ఇది మాత్రం కోయకుండా వినండి.

బహుమతి సభ అక్కడే, ఆ బండ పక్కనే షామియానా వేసి పెట్టారు. ముఖ్య అతిథి కంప్యూటర్ల గురించి మాట్లాడారు. మధ్యలో విజిల్ మోగితే సభ మొత్తం చెవులు మూసుకుంది, ఆయన తప్ప. నేను రాసి ఇచ్చిన ప్రకటనలో నవల గురించి పేజీ నిండా ఉంది, బోరు గురించి ఒక్క వాక్యం ఉంది. మర్నాడు ఒక పేపరు "బోరుకు సాహిత్య బహుమతి" అని వేసింది. ఇంకో పేపరు రచయిత్రి ఫోటో కింద "లబ్ధిదారురాలు" అని వేసింది. ఆ పేపరును రెండు రోజులు పెద్దాయనకు కనబడకుండా దాచాను.

సభ అయ్యాక ఆ బిందె ఆమె రచయిత్రి దగ్గరికి వచ్చింది. పక్కన ఇంకో నలుగురు ఆడవాళ్లు.

"మా బస్తీ మీద బుక్కు రాసిన్రంట గదా అమ్మా. అండ్ల నేనున్ననా?"

రచయిత్రి తడబడ్డారు. శాలువా సర్దుకున్నారు. "లేవమ్మా. కానీ ఉంటావు."

పుస్తకమేమో అప్పటికే ప్రెస్సుకు వెళ్లిపోయింది. అనుకున్నంతా అయింది. తెల్లారగానే ఫోను. "అచ్చు ఆపండి. ఇంకో అధ్యాయం రాయాలి." చిక్కడపల్లిలో ప్రెస్సు. రెండు బస్సులు మారి వెళ్లి, ప్రెస్సు ఆయన కాళ్లావేళ్లా పడి ఆపించాను. ఆవిడేమో రాస్తున్నారు, కొట్టేస్తున్నారు, రోజూ ఆ గుడిసెల దగ్గరికి పోతున్నారు. ఒక్కసారీ పోని చోటు మీద ఒక నవల రాసిన మనిషి, ఇప్పుడు రోజూ పోతూ ఒక్క అధ్యాయం పూర్తి చేయలేకపోతున్నారు. లైబ్రరీల వాళ్లు అడుగుతున్నారు, ప్రెస్సు ఆయన తిడుతున్నాడు, పుస్తకం ఇంకా రాలేదేమని పెద్దాయన భార్య నుంచి కబురు మీద కబురు. అధ్యాయం చివరికి చేతికి వచ్చాక ఇంజినీరుగారు తీసుకుని, బోరు లోతు తప్పు రాశారని వెనక్కి పంపారు.

అయినా అచ్చయింది. ఊరూరికీ పోయింది. మంచం కింద పెట్టెలను ఆవిడ పాత పేపర్ల వాడికి వేసేశారు.

ఆ తర్వాతి ఎండాకాలం ఏదో పని మీద రచయిత్రీ నేనూ కూకట్‌పల్లి నుంచి సెవెన్ సీటర్లో వస్తున్నాం. పదిమందిమి ఎక్కాం, దాని పేరు సెవెన్ సీటర్. ఆ ప్రహరీ గోడ మలుపు దగ్గర ఆటో అతను వెనక్కి తిరక్కుండానే అరిచాడు.

"కెటిల్ బస్తీ! కెటిల్ బస్తీ దిగేటోళ్లున్నరా?"

ఎవరూ కదల్లేదు. మా ఆఫీసు ఇంకా చాలా దూరం. ఎండ నిప్పులు చెరుగుతోంది. నేను ఆవిడ వైపు తిరిగేలోపే ఆవిడ చెయ్యెత్తేశారు.

"ఆపు బాబూ. ఇద్దరం దిగుతాం."

"ఎందుకండీ ఇక్కడ? ఏం పనుందని? మళ్లీ ఆటో దొరకద్దూ?" అని విసుక్కుంటూనే దిగాను.